అలాట్‌మెంట్ దారుల్లో వుడ్‌చిప్ రెండేళ్లకే మట్టయిపోయింది, కింద ప్లాస్టిక్‌లో గడ్డి వేళ్లు అల్లుకున్నాయి. ఇప్పుడేం చేయాలి?

మట్టిచేతులు
రెండేళ్ల కిందట మార్చిలో మాకు అలాట్‌మెంట్‌లో, అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే తోట స్థలంలో, సగం ప్లాట్ వచ్చింది. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో, బంకమట్టి నేల. మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండి ఉండి వచ్చింది కాబట్టి ఆత్రం ఆగక మొదటి నెలలోనే దారులు వేసేశాం. కలుపు రాకుండా వేసే నల్లటి ప్లాస్టిక్ గుడ్డ, వీడ్ మెంబ్రేన్, పరిచి, ఇనుప కొక్కేలు దిగగొట్టి, పైన వుడ్‌చిప్, అంటే మిషన్‌లో ఆడించిన చెట్టు ముక్కలు, రెండంగుళాల మందాన పోశాం. చిప్‌కి డబ్బులేం పెట్టలేదు, చెట్లు కొట్టేవాళ్లు మా గేటు దగ్గర కుప్ప పోసి వెళ్తారు, ఎవరికి కావలసింది వాళ్లు తోసుకెళ్లడమే. మొదటి వేసవంతా ఎంత హాయిగా ఉందో, బూట్లకు మట్టి అంటకుండా మెంతికూర మడి దాకా నడిచి వెళ్లేవాళ్లం.

ఇప్పుడు ఆ చిప్ సగం నల్లగా మట్టయిపోయింది. అందులో గడ్డి మొలిచింది, లాగితే రాదు. నిన్న ఒక మూల మెంబ్రేన్ పట్టుకుని ఎత్తి చూశాను. తెల్లటి వేళ్లు, సూదిమొనల్లా, ఆ నల్ల గుడ్డలోంచి పైకీ కిందికీ దారంతో కుట్టినట్టు అల్లుకుని ఉన్నాయి. గట్టిగా లాగితే చర్రున చిరిగి పోగులు చేతికొచ్చాయి, మిగతాది మట్టిలోనే ఉండిపోయింది. రెండు గంటలు కూర్చున్నా రెండడుగులు కూడా తీయలేకపోయాను. చాలా బాధేసింది.

దానికి తోడు పక్క ప్లాట్ పెద్దాయన చెక్క ముక్కలు నేలలోని నత్రజనిని లాగేస్తాయి, నత్తలు చేరతాయి, దారి అంటే గడ్డి దారే అంటున్నాడు. ప్లాస్టిక్ తీసేయమని కమిటీ నుంచి మెయిల్ కూడా వచ్చింది. మా ఆవిడేమో ఇదంతా ఎందుకు, పలకలు పరిచేద్దాం అంటోంది. మళ్లీ చిప్పే వేయాలా, వేస్తే కింద ఏం వేయాలి, ఎంత మందం వేయాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

పాత_పార
తప్పు చిప్‌ది కాదు, కింద వేసిన గుడ్డది. నేను పదహారేళ్లుగా యార్క్‌షైర్‌లో ప్లాట్ చేస్తున్నాను, మొదటి ఏడాది నేనూ ఇదే పని చేశాను. చెక్క కుళ్లి మట్టవుతుంది, అది దాని గుణం. ఆ మట్టి గుడ్డ పైన నిలుస్తుంది, అందులో గాలికొచ్చిన విత్తనం పడుతుంది, మొలిచి వేరు గుడ్డలోంచి కిందికి దింపుతుంది. ఇక అటు కలుపు తీయలేరు, ఇటు గుడ్డ తీయలేరు. కింద ఏమీ లేకపోతే అదే చిప్ నేలలో కలిసిపోయేది, మీరు పైన మళ్లీ పోసుకునేవాళ్లు.

చుక్కకూర
+1. పార గారు చెప్పిందే. కింద అట్టపెట్టెలు పరవండి. టేపు, పిన్నులు తీసేసి, మెరుపు రంగులు అచ్చేసినవి పక్కన పెట్టి, మామూలు గోధుమరంగు అట్ట, అంచులు జానెడు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా. బాగా తడపాలి, లేకపోతే గాలికి లేస్తుంది. ఆరు నెలల్లో అట్ట కనిపించదు, ఆలోపు కింద గడ్డి వెలుతురు లేక చాలావరకు చస్తుంది.

గడ్డిదారి
నేను ఒప్పుకోను. పక్క ప్లాట్ పెద్దాయన మాటలో బరువుంది. గడ్డి దారికి ఏడాదికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, మే నుంచి సెప్టెంబర్ దాకా పది రోజులకోసారి కోస్తే చాలు, ఆ కోసిన గడ్డి కంపోస్ట్‌లోకి పోతుంది. వుడ్‌చిప్ అంటే ప్రతి ఏడూ బండి తోయడమే. నడుము ఎవరిది?

పాత_పార
@గడ్డిదారి కోసేది మీరే కదా, అదీ నడుమే. పైగా గడ్డి దారి అంచు మడిలోకి పాకుతుంది, ఏడాదికి రెండుసార్లు అంచు నరకాలి. బంకమట్టి నేలలో నవంబర్ నుంచి మార్చి దాకా గడ్డి దారి మీద బండి తోస్తే చక్రం దిగబడి గాడి పడుతుంది. ఇసక నేలలో గడ్డి బాగుంటుంది, అది ఒప్పుకుంటాను.

గడ్డిదారి
మాది ఇసక నేలే 🙂 సరే, బంక నేల సంగతి నాకు అనుభవం లేదు.

వానపాము
నత్రజని సంగతి చెప్తాను, చదువుకున్నది ఇదే కాబట్టి. చెక్కలో కార్బన్ చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. వట్టి చెక్కలో ఈ నిష్పత్తి 400కి 1 దాకా వెళ్తుంది, ఆకులతో సహా ఆడించిన పచ్చి చిప్‌లో అంతకన్నా బాగా తక్కువ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు దాదాపు 25 నుంచి 30కి 1 కావాలి. ఆ లోటు అవి చుట్టుపక్కల మట్టిలోంచి తీసుకుంటాయి. అందుకే చిప్‌ని మట్టిలో కలిపి తవ్వేస్తే మొక్కలు పసుపుపచ్చగా అవుతాయి. పెద్దాయన చూసింది అదే అయి ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టలేం. కానీ పైన పరిచినప్పుడు ఈ లాగుడు చిప్, మట్టి కలిసే ఆ పలుచని పొర దగ్గరే జరుగుతుంది, మొక్క వేళ్లు ఉండే లోతుకు వెళ్లదు. దారిలో మీరు ఏమీ పండించరు కదా. అక్కడ నత్రజని కాస్త తగ్గితే కలుపు మొలకలకే ఇబ్బంది, మీకు మంచిదే.

ఒక్క జాగ్రత్త, దారి చిప్ మడిలోకి జారి, మీరు మడి తవ్వినప్పుడు కలవకూడదు.

సియాటిల్_సొర
వానపాము గారు చెప్పిన విషయం మీద వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో లిండా చాకర్-స్కాట్ గారు చాలా రాశారు, ఇక్కడ మా ప్రాంతం తోటమాలులంతా ఆవిడ రాసింది చదివే వుడ్‌చిప్ వైపు వచ్చారు. ఆవిడ సమర్థించేది సంచుల్లో అమ్మే బెరడు కాదు, చెట్లు కొట్టేవాళ్ల దగ్గర దొరికే మిశ్రమం, అంటే కొమ్మ, బెరడు, ఆకు అన్నీ కలిసినది. రకరకాల సైజులు ఉంటాయి కాబట్టి గట్టిగా అణిగిపోదు, నీళ్లు దిగుతాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు చిప్‌డ్రాప్ అని ఒక సర్వీసు ఉంది, పేరు నమోదు చేసుకుంటే దగ్గర్లో చెట్టు కొట్టిన వాళ్లు లారీ తెచ్చి మీ ఇంటి ముందు పోస్తారు. ఎప్పుడొస్తారో చెప్పరు, ఎంత పోస్తారో చెప్పరు. మాకు ఉదయం ఆరున్నరకు వచ్చింది, గరాజ్ తలుపు సగం మూసుకుపోయింది. ఆ రోజు మా ఆయన బస్సులో ఆఫీసుకెళ్లారు, వచ్చాక నాలుగు రోజులు సాయంత్రాలు ఇద్దరం పార పట్టాం.

లెక్కలపంతులు
ఎంత చిప్ కావాలో ముందు లెక్క వేసుకోండి, లేకపోతే సగంలో ఆగిపోతుంది. ఫుల్ ప్లాట్ అంటే 10 పోళ్లు (ఇక్కడి పాత భూమి కొలత), మన లెక్కలో 302 గజాలు. అంటే హైదరాబాద్‌లో జనం ఇల్లు కట్టుకునే 300 గజాల స్థలమే. సగం ప్లాట్ 151 గజాలు, 126 చదరపు మీటర్లు. మీ దారులన్నీ కలిపి 40 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు అనుకుందాం. 20 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల మందం వేస్తే 2 ఘనపు మీటర్లు, అంటే 2000 లీటర్లు. ఇక్కడ మామూలు వీల్‌బారో 85 లీటర్లు. 24 బళ్లు తోయాలి. రెండు శనివారాల పని.

మట్టిచేతులు
@లెక్కలపంతులు గారూ, మావి 44 మీటర్లు వచ్చాయి, టేపు పెట్టి కొలిచాను. అయితే 26 బళ్లు. పది సెంటీమీటర్లు తప్పదా? మేం ఐదే వేశాం.

చుక్కకూర
తప్పదండీ. ఐదు వేస్తే నెలలో అణిగి మూడవుతుంది, వెలుతురు కిందికి దిగుతుంది, గడ్డికి అంత చాలు. మేం కెంట్‌లో ఏడాదికోసారి, జనవరి ఫిబ్రవరుల్లో, రెండు మూడు అంగుళాలు పైన పోస్తాం. చలికాలంలో తోటలో వేరే పని ఉండదు, చెట్లు కొట్టేవాళ్లకు అదే సీజన్, పిట్టలు గూళ్లు పెట్టే కాలం మొదలయ్యేలోపు కొట్టేయాలని చూస్తారు, కుప్పలు ఎక్కువ వస్తాయి. ఒళ్లు వేడెక్కుతుంది కూడా.

శనివారం_తోట
మేం కొత్తగా ప్లాట్ తీసుకున్నాం, ఇది మొత్తం చదువుతున్నా. ఒక డౌట్. చెక్క వేస్తే చెదలు పట్టవా? ఊళ్లో మా నాన్న పొలంలో కర్ర ముక్క పడేసి ఉంచనివ్వరు.

పాత_పార
బ్రిటన్‌లో చెదలు లేవు. ఒక్కసారి వచ్చాయి, 1994లో డెవన్‌లో సాంటన్ అనే చోట ఒక ఇంట్లో కనిపించాయి, పక్కింటికీ పాకాయి. ప్రభుత్వం 1998లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి నిఘా పెట్టి, 2021లో పూర్తిగా పోయాయని ప్రకటించింది. రెండిళ్ల చెదలకు అన్నేళ్లు పట్టింది. ఇక్కడ మీ దారికి ఆ భయం అక్కర్లేదు. కాకపోతే మీ నాన్నగారు అక్కడ చేస్తున్నది నూటికి నూరుపాళ్లు సరైనది.

నల్లరేగడి
నాన్నగారి పక్షాన నేను మాట్లాడతాను. మాది శంకర్‌పల్లి అవతల ఎకరం తోట. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్ల దారులు చూసి ముచ్చటపడి, పోయినేడు సుబాబుల్ కొమ్మలు ముక్కలు కొట్టించి మామిడి చెట్ల మధ్య దారికి పరిచాను. జూన్‌లో వేశాను. ఆగస్టులో కాలితో కదిపితే కింద ఎర్రమట్టి గొట్టాలు, లోపల చెద పురుగులు తెల్లగా కదులుతున్నాయి. చెదలు మంచి పనే చేస్తాయి, ఎండు చెక్కని తిని మట్టి చేస్తాయి, అది తెలుసు. కానీ దారి మామిడి మొదళ్ల దాకా వెళ్లింది, అటునుంచి పంపుషెడ్డు ద్వారబంధం దాకా వెళ్లింది. మొత్తం పారతో ఎత్తి దూరంగా గుంటలో వేసి పేడనీళ్లు పోశాను. తేలు కూడా కనిపించింది ఒకటి.

ఇప్పుడు తాండూరు బండలు అడుగు దూరానికొకటి వేసి మధ్యలో గరిక వదిలేశాను. మాకు అదే నప్పింది. ఎక్కడి నేలకు అక్కడి దారి.

కోనసీమ_గట్టు
మా వైపు చెక్క ఎవరూ వేయరు, కొబ్బరి డొక్క ఉండగా చెక్కెందుకు. మా నాన్న తోటలో నడిచే చోట డొక్కలు చిన్న ముక్కలు చేయించి పరిపిస్తారు, రెండు మూడేళ్లు ఉంటుంది, వాన నీళ్లు పీల్చుకుంటుంది, కాలికి మెత్తగా ఉంటుంది. ముక్కలు చేయించకుండా సగం డొక్కలు అలాగే వేస్తే మాత్రం బోర్లా వేయాలి. వెల్లకిలా వేస్తే ప్రతి డొక్కలో నీళ్లు నిలిచి దోమలు పెడతాయి. మా పక్కింటి వాళ్ల తోటలో ఇదే జరిగి ఊరంతా తిట్టారు.

నల్లరేగడి
@కోనసీమ_గట్టు డొక్కకు చెద పట్టదా మీకు?

కోనసీమ_గట్టు
పడుతుంది, కానీ చెక్క కన్నా నిదానం, మా నేల కూడా ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉంటుంది. ఊక వేసి చూశాం ఒకసారి, తొందరగా కుళ్లదు, నిజమే, కానీ గాలొస్తే కళ్లల్లో పడింది, వానొస్తే బోదెలోకి కొట్టుకుపోయింది. వేరుశనగ తొక్కులు వేస్తే ఎలుకలు వచ్చాయి, తొక్కుల్లో పప్పు మిగులుతుంది కదా.

అమ్మమ్మ_పాదు
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. ఏడాదికి ఆరు నెలలు మా దగ్గరికి వస్తుంది, వచ్చిందంటే ప్లాట్ చూడకుండా ఉండలేదు. వుడ్‌చిప్ మీద వీల్‌చైర్ నడవదు. ముందు చిన్న చక్రాలు దిగబడి ఆగిపోతాయి. మొదటిసారి ఇద్దరం కలిసి వెనక్కి తిప్పి లాక్కెళ్లాం, అమ్మ ఏమీ అనలేదు కానీ ఆ రోజంతా చేతులు ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గరే కూర్చుంది. నాకు ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

తర్వాత గేటు నుంచి షెడ్డు దాకా ఒక్క దారి మాత్రం మీటరుంపావు వెడల్పు చేసి, బంకతో కలిసిన సన్న కంకర వేసి, తడిపి, రోలర్‌తో గట్టిగా అణగదొక్కించాం. మా ఒప్పందంలో కాంక్రీట్ పోయకూడదని ఉంది, ఇది పోసింది కాదు కాబట్టి ఒప్పుకున్నారు. మిగతా మడుల మధ్య దారులన్నీ చిప్పే. ఇప్పుడు అమ్మ షెడ్డు దగ్గర కూర్చుని చిక్కుళ్లు వలుస్తుంది. పెద్దవాళ్లు వచ్చే ఇళ్లవాళ్లు దారి వేసేముందే ఈ మాట ఆలోచించండి.

చుక్కకూర
@అమ్మమ్మ_పాదు చాలా మంచి మాట చెప్పారు. మా మామగారు చేతికర్రతో నడుస్తారు, కొత్తగా పోసిన చిప్‌లో కర్ర దిగిపోతుంది, ఒక నెల తొక్కుడు పడ్డాక ఫర్వాలేదు.

మట్టిచేతులు
మా అత్తగారు మేలో వస్తున్నారు, మోకాళ్ల నొప్పులు. ముఖ్యమైన దారి ఒక్కటి గట్టిగా చేయడం అనేది నాకు తట్టనేలేదు. థాంక్స్ అండీ.

చిప్ ఎలాంటిదైనా ఫర్వాలేదా? ఈ వారం గేటు దగ్గర రెండు కుప్పలున్నాయి. ఒకటి పైన్ లాంటి వాసన. ఇంకొకటి పచ్చగా, ఆకులతో, దగ్గరికెళ్తే బాదం ఎసెన్స్ వాసన కొడుతోంది.

పాత_పార
బాదం వాసన అంటే చెర్రీ లారెల్. కంచెలకు పెంచుతారు, మందపాటి నున్నటి ఆకు. ఆడించినప్పుడు సయనైడ్ ఆవిరి కొద్దిగా వస్తుంది, ఆ వాసన దానితో పాటే వస్తుంది. ఆరుబయట కొన్ని వారాలు వదిలేస్తే పోతుంది. పచ్చిదాన్ని షెడ్డులో, మూసిన వ్యాన్‌లో మాత్రం పెట్టుకోకండి. పైన్ వాసనది లేలాండీ, అంటే కంచెలకు పెంచే సైప్రస్ జాతి చెట్టు, అయి ఉంటుంది, అది దారికి బంగారం, బంక ఉంటుంది కాబట్టి నిదానంగా కుళ్లుతుంది. దానివల్ల నేలలో ఆమ్లగుణం పెరుగుతుందని కొందరంటారు, పైన పరిస్తే లెక్కలోకి వచ్చేంత తేడా రాదు. ఈ మధ్య యాష్ అనే చెట్టు చిప్ కూడా విపరీతంగా వస్తోంది, 2012లో ఇక్కడ యాష్ డైబ్యాక్ తెగులు బయటపడిన దగ్గర్నుంచి ఆ చెట్లు కొట్టేస్తూనే ఉన్నారు.

వద్దనేది ఏమిటంటే పాత ఫెన్సింగ్, డెక్కింగ్, రంగేసిన తలుపులు, ప్లైవుడ్ లాంటివి ఆడించిన చిప్. పాత ఫెన్సింగ్ చెక్కకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవాళ్లు. కుప్పలో ఒక్క రంగు ముక్క, ఒక్క మేకు కనిపించినా ఆ కుప్ప ముట్టుకోకండి.

వానపాము
ఇంకొకటి. కుప్ప నెలల తరబడి ఉండి లోపల బూజు పట్టి, తవ్వితే పొగలా దుమ్ము లేస్తే మాస్క్ పెట్టుకోండి. అందులో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు ఉంటాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. తడిపి తవ్వితే దుమ్ము లేవదు. చలికాలం పొద్దున కొత్త కుప్పలోంచి వచ్చేది మాత్రం ఉత్త ఆవిరి, లోపల 60 డిగ్రీలు దాకా వేడెక్కుతుంది.

శనివారం_తోట
నత్తల మాట ఎవరూ చెప్పలేదు. పక్క ప్లాట్ పెద్దాయన చెప్పినట్టు నత్తలు చేరతాయా?

సియాటిల్_సొర
చేరతాయి. తడి ఉన్నచోట చేరకుండా ఎలా ఉంటాయి. కానీ గడ్డి దారిలో ఇంకా ఎక్కువ ఉంటాయి, అక్కడ కనిపించవు అంతే. చిప్‌లో నల్ల పెంకు పురుగులు కూడా చేరతాయి, అవి నత్త గుడ్లు తింటాయి. నేను లేత మొక్కలు పెట్టే మడికి, దారికి మధ్య జానెడు వట్టి మట్టి వదులుతాను, రాత్రి టార్చ్ పట్టుకుని ఆ పట్టీ మీద ఏరేస్తాను.

గడ్డిదారి
గడ్డి మీద నిందలు ఎక్కువైపోతున్నాయి ఈ థ్రెడ్‌లో 🙂 కానీ నత్తల విషయం నిజమే, నిన్న రాత్రి ఏరితే గడ్డి అంచునే నలభై దొరికాయి.

లెక్కలపంతులు
@మట్టిచేతులు ఆ పాత మెంబ్రేన్ తీసే పద్ధతి ఎవరైనా చెప్పారా? నాదీ అదే పరిస్థితి.

పాత_పార
లాగకండి, అదే తప్పు. ముందు పైన మట్టయిన చిప్ మొత్తం పారతో గీకి తీసేయండి, గుడ్డ బయటపడేదాకా. వాన పడిన మర్నాడు చేస్తే వేళ్లు తేలిగ్గా వదులుతాయి. పదునైన కత్తితో గుడ్డని మీటరు మీటరు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క కింద ఫోర్క్ దూర్చి, వేళ్లతో సహా పైకి లేపి, తిరగేసి, కింది వేళ్లు తెంపి, అప్పుడు చుట్టండి. పోగులు రాలిన చోట కూర్చుని ఏరాల్సిందే, వేరే దారి లేదు.

గీకి తీసిన ఆ నల్ల మట్టి పారేయకండి. జల్లెడ పట్టండి. కిందికి దిగింది మడుల మీద పైన చల్లడానికి పనికొస్తుంది, జల్లెడలో మిగిలిన ముక్కలు మళ్లీ దారిలోకి. గడ్డి వేళ్లు మాత్రం ఒక్కటి కూడా వెళ్లనివ్వకండి, రెండంగుళాల ముక్క చాలు మళ్లీ మొలవడానికి. మన గరిక ఎంతో ఇక్కడి కౌచ్ గ్రాస్ అంత. నేను వాటిని బకెట్ నీళ్లలో నెల రోజులు నానబెట్టి, కుళ్లాకే కంపోస్ట్‌లో వేస్తాను.

వానపాము
దారి చిప్ రెండేళ్లకు మట్టయిందని మట్టిచేతులు గారు బాధపడుతున్నారు కానీ, చాలామంది దానికోసమే దారిలో చిప్ వేస్తారు. మీరు నడిచి నడిచి నలగ్గొట్టిన కంపోస్ట్ అది. రెండేళ్లకోసారి దారి తవ్వి మడిలో వేసుకుని, దారిలో కొత్తది పోసుకోవడమే. దారిని గచ్చు అనుకుంటే దిగులే. నిదానంగా కాలే పొయ్యి అనుకోండి, కట్టెలు వేస్తూ ఉండాలి.

నల్లరేగడి
ఈ ఒక్క పోస్ట్ కోసం థ్రెడ్ అంతా చదివినా నష్టం లేదు. మా నాన్న మడుల మధ్య కాలవలో వరిగడ్డి తొక్కించి, ఉగాది తర్వాత తీసి పొలంలో వేసేవారు. ఇదే కదా.

కోనసీమ_గట్టు
చెక్క ముక్కల్ని మా తాతగారు పేళ్లు అనేవారు. వడ్రంగి పని జరిగితే పేళ్లు ఏరుకురమ్మని పంపేవారు పొయ్యి రాజేయడానికి. వుడ్‌చిప్ వుడ్‌చిప్ అని చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది.

మట్టిచేతులు
మూడు వారాల తర్వాత వచ్చాను. నాలుగు వారాంతాలు పట్టేది మూడింట్లో అయింది, పిల్లలిద్దరూ పోగులు ఏరారు, గ్లాసు సీసాలో ఎవరివి ఎక్కువో పందెం. నల్ల గుడ్డ మొత్తం పెద్ద సంచులు ఐదు అయింది. జల్లెడ పడితే పద్దెనిమిది బకెట్ల మెత్తటి మట్టి వచ్చింది, చేతిలోకి తీసుకుంటే అడవిలో వాన పడ్డాక వచ్చే వాసన, ఉల్లి మడి మీద చల్లాను. అట్టలు మా వీధిలో కొత్తగా ఇల్లు మారిన వాళ్లు ఇచ్చారు. లేలాండీ కుప్పలోంచి 28 బళ్లు పట్టింది, పంతులు గారి లెక్కకు రెండు బళ్లు ఎక్కువ, తొక్కేసరికి అణిగింది.

గేటు నుంచి షెడ్డు దాకా అత్తగారి కోసం గట్టి దారి వేశాం. కమిటీని ముందే అడిగాను.

పక్క ప్లాట్ పెద్దాయన వచ్చి చూసి, తవ్వి కలపకపోతే ఫర్వాలేదులే అని, తన దగ్గరున్న పాత స్కఫోల్డ్ పలక ఒకటి ఇచ్చాడు అంచుకు పెట్టుకోమని. మా దారి కొంచెం వాలుగా ఉంటుంది, గట్టి వానకు చిప్ కిందికి జారకుండా అడ్డంగా పెట్టాను.

అమ్మమ్మ_పాదు
అత్తగారు వచ్చాక చెప్పండి ఎలా నడిచారో.

మట్టిచేతులు
జూన్. అత్తగారు వచ్చారు, గట్టి దారి మీద ఏ ఇబ్బందీ లేదు, కుర్చీ వేసుకుని మెంతికూర ఆవిడే కోస్తున్నారు. కానీ ఈ పొద్దున ఇంకో టెన్షన్. చిప్ దారి మధ్యలో దోసెడు పసుపు పారబోసినట్టు ఉంది. నిగనిగలాడే పసుపు, నురగలాగా, అరచేయంత. నిన్న సాయంత్రం లేదు. అత్తగారు చూసి, ఎవరో దిష్టి తీసి పడేశారు, తొక్కకండి అని పిల్లల్ని ఆపేశారు. ఏమిటిది?

వానపాము
స్లైమ్ మోల్డ్, ఫ్యూలిగో సెప్టికా. ఇంగ్లీషులో కుక్క కక్కు అని పిలుస్తారు, పసుపు అన్న మీ అత్తగారి మాటే బాగుంది. శిలీంధ్రం కాదు, మొక్క కాదు, జంతువు కాదు. తడి చిప్‌లో బ్యాక్టీరియాని తింటూ కదులుతుంది కూడా, రాత్రికి రాత్రి జరిగి ఉంటుంది. ఎవరికీ హాని లేదు. రెండు మూడు రోజుల్లో పెళుసుగా మారి, గోధుమరంగు పొడి అయిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పొడి దగ్గర ముఖం పెట్టకుండా ఉంటే చాలు.

వానలు మొదలయ్యాక పుట్టగొడుగులు కూడా వస్తాయి. చిప్‌లో వచ్చే వాటిలో తినేవి ఉన్నాయి, విషమైనవీ ఉన్నాయి. గుర్తుపట్టడం వచ్చినవాళ్లు పక్కన లేకుండా ఒక్కటి కూడా వండకండి.

మట్టిచేతులు
అత్తగారికి చదివి వినిపించాను. కదులుతుందా అని రెండు గంటలు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టమన్నారు, రేపు కొలుస్తారట.

శనివారం_తోట
కొలిచాక చెప్పండి ప్లీజ్. మా ప్లాట్ దారులు వచ్చే నెల వేస్తున్నాం, అట్టలు నలభై పోగయ్యాయి, కింద పరవడానికి అంతా సిద్ధం. మా గేటు దగ్గర మాత్రం చిప్ కుప్ప లేదు, ఎవరిని అడగాలి?

పాత_పార
మీ వీధిలో ఎక్కడైనా చెట్టు కోసే మిషన్ చప్పుడు వినిపిస్తే వెళ్లి ఆ వ్యాన్ డ్రైవర్‌నే అడగండి. వాళ్లకు ఆ చిప్ పారబోయడానికి చాలాచోట్ల డబ్బు కట్టాలి, మీ గేటు దగ్గర అయితే ఊరికే పోసి వెళ్తారు. ముందు మీ సైట్ వాళ్లను అడిగి, లారీ ఎక్కడ ఆపాలో చూపించి, ఎవరి దారికీ అడ్డం లేని చోట ఒక పాత టార్పాలిన్ పరిచి ఉంచండి. పని అయ్యాక ఊడ్చుకోవడం తేలిక.